ఫైటర్ జెట్‌కి రివర్స్ గేర్ ఉంటుందా? మిలిటరీ విమానాల్లో థ్రస్ట్ రివర్సర్ కథ

ఇక్కడ ఎప్పుడూ ఫోన్లు, ఇయర్‌బడ్స్ గురించే రాస్తుంటాను కదా, ఈసారి కొంచెం రూట్ మార్చాను. దానికి కారణం కూడా ఒక ఫోనే.

ఆ మధ్య ఒక ఫోన్ స్లో మోషన్ కెమెరా టెస్ట్ చేస్తున్న టైమ్‌లో చెన్నై నుంచి హైదరాబాద్ ఫ్లైట్ ఎక్కాను. రెక్కకి వెనక కిటికీ సీటు దొరికింది. శంషాబాద్‌లో దిగుతుంటే ఫోన్‌ని ఇంజిన్ వైపు పెట్టి 240 ఎఫ్‌పీఎస్‌లో రికార్డ్ చేశాను. చక్రాలు నేలని తాకిన కాసేపటికే ఇంజిన్ కవర్ వెనక సగం జారిపోయినట్టు వెనక్కి జరిగింది. మధ్యలో జల్లెడ లాంటిది కనిపించింది. ఒక్కసారిగా రొద పెరిగింది, మనం సీట్లోంచి ముందుకి తూలాం. ఇంటికొచ్చి వీడియో చూపిస్తే మా తమ్ముడు రెండు ప్రశ్నలు వేశాడు. "అన్నా, ఇంజిన్ రివర్స్‌లో తిరుగుతోందా?" అన్నాడు. ఆ వెంటనే, "మరి ఫైటర్ జెట్‌కి కూడా ఇది ఉంటుందా?"

మొదటి ప్రశ్నకి జవాబు ఈజీ. తిరగదు. రెండోదానికే నాకు వారం పట్టింది. ఎందుకంటే "ఉండదు" అని చెప్పేస్తే సగం తప్పు, "ఉంటుంది" అంటే మిగతా సగం తప్పు.

ఇంజిన్ తిరగబడదు, గాలి తిరగబడుతుంది

జెట్ ఇంజిన్ గాలిని ముందు నుంచి మింగి వెనక నుంచి చాలా స్పీడుగా వదులుతుంది. గాలి వెనక్కి పోతుంది కాబట్టి విమానం ముందుకి పోతుంది. ఇంత వరకు స్కూల్లో చదువుకున్నదే. దిగాక విమానాన్ని ఆపాలంటే తిరుగుతున్న ఫ్యాన్‌ని ఆపి ఉల్టా తిప్పడం అయ్యే పని కాదు. అందుకని ఇంజిన్‌ని దాని మానాన దాన్ని తిరగనిచ్చి, బయటికొచ్చే గాలికి తలుపులు అడ్డం పెట్టి ముందు వైపుకి మళ్లిస్తారు.

పొలంలో బోరు మోటారు వేసినప్పుడు పైపు నోటికి కొంచెం దూరంలో అరచెయ్యి పెట్టి చూడండి. నీళ్లు చేతిని బలంగా తోస్తూ పక్కలకీ, వెనక్కీ చిమ్ముతాయి. ఇప్పుడు ఆ చెయ్యి మీది కాకుండా పైపుకే బిగించిన ఒక రేకు అనుకోండి. రేకు మీద పడే తోపు మొత్తం పైపు మీదే పడుతుంది. థ్రస్ట్ రివర్సర్ అంటే బేసిక్‌గా ఆ రేకే.

కాకపోతే గాలిని నూటికి నూరు శాతం ముందుకి తిప్పలేరు. నేరుగా ముందుకి కొడితే ఆ వేడి గాలి మళ్లీ ఇంజిన్ నోట్లోకే వెళ్తుంది. అందుకే ఏటవాలుగా పక్కలకి, ముందుకి వదులుతారు. వంపు తిరిగేటప్పుడు కొంత శక్తి పోతుంది, ఏటవాలు వల్ల ఇంకొంత పోతుంది. చివరికి చేతికొచ్చేది ముందుకి తోసే బలంలో ఇంచుమించు సగం.

ఇక్కడ చాలామంది మర్చిపోయే పాయింట్ ఒకటుంది. రివర్స్‌లో ఉన్నప్పుడు కూడా ఇంజిన్ ముందు నుంచి గాలిని మింగుతూనే ఉంటుంది. ఎదురుగా వచ్చే గాలిని అలా పట్టి ఆపడమే ఒక బ్రేక్. మామూలుగా ఎగిరేటప్పుడు ఇది నష్టం, దిగేటప్పుడు మాత్రం బోనస్. స్పీడు ఎక్కువ ఉన్నప్పుడు ఈ బోనస్ కూడా ఎక్కువే. అందుకే రివర్సర్ అసలు పనంతా చక్రాలు తాకిన మొదటి కొన్ని సెకన్లలోనే జరుగుతుంది. స్పీడు బాగా తగ్గాక కంటిన్యూ చేస్తే రన్‌వే మీది దుమ్ము, రాళ్లు, తన సొంత వేడి గాలి ఇంజిన్‌లోకి పోయి అది ఉక్కిరిబిక్కిరి అవుతుంది.

చక్రాల బ్రేకులు చాలవా?

చాలు, నేల సహకరిస్తే. బైక్ నడిపేవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. డిస్క్ బ్రేక్ ఎంత ఖరీదైనదైనా, వర్షంలో రోడ్డు మీద మట్టి పేరుకుంటే అది చేసేదేమీ లేదు. బ్రేక్ చక్రాన్ని ఆపుతుంది, బండిని ఆపాల్సింది మాత్రం టైరుకీ రోడ్డుకీ మధ్య ఉన్న పట్టు. రివర్సర్‌కి ఆ పట్టుతో సంబంధమే లేదు. అది గాలిని తోసి ఆగుతుంది, నేల మంచు ముద్దైనా దానికి ఒకటే.

ఈ ఒక్క లైన్ పట్టుకుంటే మిగతా కథంతా అర్థమైపోతుంది.

కాలిక్యులేటర్ తీయండి. ఒక ఫైటర్ గంటకి 220 కిలోమీటర్ల స్పీడులో దిగిందనుకుందాం, అంటే సెకనుకి 61 మీటర్లు. రోడ్డు మంచుతో గడ్డకట్టి ఉంది. చక్రాల బ్రేకులు సెకనుకి సెకనుకి 1 మీటర్ చొప్పున మాత్రమే స్పీడు తగ్గించగలిగితే, అది ఆగడానికి దాదాపు 1,860 మీటర్లు కావాలి. ఇప్పుడు రివర్సర్ కలపండి. విమానం బరువు 13 టన్నులు, ఇంజిన్ బలం 65 కిలోన్యూటన్లు, అందులో సగం రివర్స్‌లో దొరికింది అనుకుంటే ఇంకో 2.5 మీటర్లు తోడవుతాయి. మొత్తం 3.5. ఆగడానికి పట్టే దూరం దాదాపు 530 మీటర్లకి దిగిపోతుంది. ఇది నా ఉజ్జాయింపు లెక్క మాత్రమే, అయినా తేడా చూశారుగా.

ఆ ఇంజిన్ అంకె నేను గాల్లోంచి తీసుకోలేదు. అది స్వీడన్ దేశపు సాబ్ 37 విగ్గెన్ ఇంజిన్ ఆఫ్టర్ బర్నర్ లేకుండా ఇచ్చే బలం.

విగ్గెన్: రోడ్డు మీద దిగడానికే పుట్టిన ఫైటర్

కోల్డ్ వార్ రోజుల్లో స్వీడన్ ఏ కూటమిలోనూ లేదు. యుద్ధమంటూ వస్తే మొదటి గంటల్లోనే తమ ఎయిర్‌బేస్‌ల మీద బాంబులు పడతాయని వాళ్లకి తెలుసు. పెద్ద రన్‌వేని దాచిపెట్టలేం కదా. అందుకని విమానాలని దేశమంతా చెల్లాచెదురు చేసి, అడవుల మధ్య ఉన్న చిన్న బేస్‌ల నుంచి, వెడల్పు చేసిన హైవే ముక్కల మీద నుంచి నడపాలని ప్లాన్ వేసుకున్నారు. అలాంటి చోట్ల ఫైటర్ 500 మీటర్లలో ఆగాలి. పైగా అది స్వీడన్, చలికాలం అంటే మంచే. బ్రేక్ పారాచూట్ వాడొచ్చు కదా అంటారేమో. అది ఒక్కసారికే పనికొస్తుంది. దిగిన ప్రతిసారీ ఎవరో ఒకరు దాన్ని ఏరుకొచ్చి, కొత్తది మడిచి ఎక్కించాలి. పక్క గాలి కొడితే విమానాన్ని పక్కకి లాగుతుంది కూడా.

అలా విగ్గెన్‌కి రివర్సర్ వచ్చింది. 1967 ఫిబ్రవరి 8న మొదటిసారి ఎగిరింది, 1971లో సర్వీసులోకి వచ్చింది. దీని ఇంజిన్ కథ మన గ్యాడ్జెట్ పిచ్చోళ్లకి భలే నచ్చుతుంది. బోయింగ్ 727 ప్యాసింజర్ విమానంలో వాడిన ప్రాట్ అండ్ విట్నీ జేటీ8డీ ఇంజిన్‌ని తీసుకుని, వోల్వో వాళ్లు దానికి ఆఫ్టర్ బర్నర్ తగిలించి, సూపర్‌సానిక్‌కి సరిపడేలా మార్చి ఆర్ఎం8 అని పేరు పెట్టారు. బస్సు ఇంజిన్‌ని రేసు కారులో పెట్టి, దానితో రికార్డులు కొట్టించినట్టు. ఆ విమానం ధ్వని కంటే రెండు రెట్లు స్పీడుగా వెళ్లేది.

రివర్సర్ తోక లోపలే ఉంటుంది. ఎగిరేటప్పుడు మూడు తలుపులు ఎగ్జాస్ట్ గొట్టం గోడకి ఆనుకుని పడుకుని ఉంటాయి. దిగాక మూడూ లోపలికి వాలి వెనక దారి మూసేస్తాయి. ఎటూ పోలేని గాలి తోక చుట్టూ ఉన్న సందుల్లోంచి ముందు వైపుకి తన్నుకొస్తుంది. బయట నుంచి చూస్తే తోక దగ్గర చిన్న గీతల్లా కనిపిస్తాయి, అంతే.

నాకు బాగా నచ్చింది దాన్ని ఆన్ చేసే పద్ధతి. పైలట్ గాల్లో ఉండగానే రివర్సర్‌ని "రెడీ"లో పెట్టుకుంటాడు. అప్పుడు ఏమీ జరగదు. ముందు చక్రం నేలని తాకి, దాని షాక్ అబ్జార్బర్ నొక్కుకోగానే తలుపులు ఆటోమేటిక్‌గా మూసుకుంటాయి. పైలట్ చెయ్యి కదిపే లోపు పోయే క్షణం కూడా వృథా కాదు. ఆ స్పీడులో ఒక్క సెకను అంటే 61 మీటర్ల రోడ్డు! విగ్గెన్ మామూలు విమానాల్లా ముక్కు పైకెత్తి మెల్లగా తేలుతూ దిగదు, కోణం మార్చకుండా నేరుగా వచ్చి ధడేల్‌మని కూర్చుంటుంది. చక్రాల కాళ్లు ఆ దెబ్బకి తట్టుకునేలా గట్టిగా కట్టారు.

ఇంకో సరదా విషయం, ఇది నిజంగానే రివర్స్‌లో నడిచేది. ఎయిర్ షోల్లో దిగి, ఆగి, వెనక్కి నడిచి, తిరిగి మళ్లీ ఎగిరిపోయేది. రోడ్డు బేస్‌లో ఇది షో కాదు, అవసరం. రెండు లేన్ల రోడ్డు మీద వెనక్కి లాగడానికి ట్రాక్టర్ లేకుండా విమానాన్ని తిప్పుకోవాలంటే ఇదే దారి. ఆటోవాళ్లు సందులో బండి తిప్పినట్టే అనుకోండి.

టొర్నాడో తోక ఎందుకు నల్లగా ఉంటుంది?

రివర్సర్ ఉన్న ఇంకో ఫేమస్ మిలిటరీ జెట్ టొర్నాడో. బ్రిటన్, జర్మనీ, ఇటలీ కలిసి చేసినది, 1974లో మొదటిసారి ఎగిరింది. దీని రెండు ఇంజిన్లకీ వెనక రెండేసి బకెట్లు ఉంటాయి, ఒకటి పైన, ఒకటి కింద. దిగాక ఆ రెండూ పిడికిలి మూసినట్టు వెనక కలుసుకుంటాయి. గాలి పైకీ కిందకీ చీలి ముందుకి పోతుంది. పైకి పోయే పొగ నేరుగా నిలువు తోకకి పట్టేస్తుంది. పాత టొర్నాడో ఫోటోలు వెతకండి, తోక మొదట్లో వంటింటి గోడలా మసి కనిపిస్తుంది. ఆ మసి రివర్సర్ వాడినందుకు పడిన ముద్ర.

మసితో పోతే ఫర్వాలేదు. ముందుకి ఎగజిమ్మే ఆ గాలి తోక చుట్టూ ఉండే సాఫీ గాలిని చెదరగొడుతుంది. అప్పుడు చుక్కాని పట్టు తగ్గిపోతుంది. అంటే విమానాన్ని ఆపుతున్న పరికరమే దాన్ని తిన్నగా ఉంచే పరికరాన్ని దెబ్బతీస్తుంది. ఫ్రీగా ఏదీ రాదు మరి.

తప్పు టైమ్‌లో తెరుచుకుంటే

ఇది కొంచెం కష్టమైన భాగం. 1990 ఆగస్టు 29న జర్మనీలోని రామ్‌స్టైన్ బేస్ నుంచి అమెరికా ఎయిర్‌ఫోర్స్ సీ-5 గెలాక్సీ రవాణా విమానం 17 మందితో బయల్దేరింది. కువైట్‌ని ఇరాక్ ఆక్రమించిన రోజులవి, గల్ఫ్‌కి సరుకులు తరలిస్తున్నారు. నేల వదిలిన కాసేపటికే ఒక ఇంజిన్ రివర్సర్ తెరుచుకుంది. విమానం అదుపు తప్పి కూలిపోయింది. 13 మంది చనిపోయారు.

తర్వాతి ఏడాది మే 26న థాయిలాండ్ మీదుగా వెళ్తున్న లౌడా ఎయిర్ బోయింగ్ 767లోనూ గాల్లోనే రివర్సర్ తెరుచుకుంది. విమానంలో ఉన్న 223 మందీ పోయారు. ఒక రెక్క మీది ఇంజిన్ ముందుకి తోస్తుంటే, రెండో వైపుది వెనక్కి లాగుతుంది. దానికి తోడు ముందుకి చిమ్మే గాలి ఆ వైపు రెక్క మీది ప్రవాహాన్ని చెడగొట్టి, రెక్క మోసే బలాన్నే లాగేసుకుంటుంది. పైలట్‌కి ఆలోచించుకునే టైమ్ కూడా ఉండదు. ఆ ప్రమాదం తర్వాతే బోయింగ్ విమానాల రివర్సర్లకి అదనపు తాళం పెట్టారు.

అందుకే విగ్గెన్ ముందు చక్రం స్విచ్ గురించి నేను అంతసేపు చెప్పాను. "ఇప్పుడు నిజంగా నేల మీదే ఉన్నామా?" అనే ప్రశ్నకి యంత్రం కచ్చితమైన జవాబు చెప్పగలగాలి. తలుపులు చేయడం కంటే, అవి ఎప్పుడు తెరుచుకోకూడదో చూసుకోవడమే పెద్ద ఇంజినీరింగ్.

మరి మిగతా ఫైటర్లకి ఎందుకు పెట్టలేదు?

ముందు వేడి సంగతి. నేను వీడియో తీసిన ప్యాసింజర్ విమానంలో రివర్సర్ మళ్లించేది ఫ్యాన్ నుంచి వచ్చే చల్లగాలిని. ఇంజిన్ మధ్యలోంచి వచ్చే వేడి గాలి మామూలుగా వెనక్కే పోతుంటుంది. బలంలో ఎక్కువ భాగం ఆ చల్లగాలిదే కాబట్టి అది చాలు. ఫైటర్ ఇంజిన్ సన్నగా ఉంటుంది, చల్లగాలి వాటా తక్కువ, రెండూ కలిసే బయటికొస్తాయి. కాబట్టి మండుతున్న గాలి మొత్తాన్నీ తలుపులతో ఆపాలి. వెనక ఆఫ్టర్ బర్నర్ కోసం తెరుచుకుని మూసుకునే నాజిల్ ఎలాగూ ఉంటుంది, దాని పక్కన దీనికి చోటు వెతకాలి. ఆఫ్టర్ బర్నర్, రివర్సర్ రెండూ ఉన్న విమానాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే. విగ్గెన్, టొర్నాడో, ప్యాసింజర్లలో కాంకోర్డ్.

తర్వాత బరువు. పది పదిహేను సెకన్ల పని కోసం మిషన్ మొత్తం మోసుకు తిరగాలి. రోజుకొకసారి పది సెకన్లు వాడే ఫీచర్ కోసం ఫోన్‌కి ఇంకో పావుకిలో కలిపితే మీరు కొంటారా? నేనైతే రివ్యూలో ఉతికేస్తాను. అదే బరువుకి ఇంధనమో మిస్సైలో పట్టుకెళ్లొచ్చు. సుఖోయ్-30, మిరాజ్ 2000, మన తేజస్ అన్నీ బ్రేక్ పారాచూట్‌తో సరిపెట్టుకుంటాయి. తేజస్ పారాచూట్‌ని ఆగ్రాలోని డీఆర్‌డీఓ ల్యాబ్ తయారు చేసింది.

అమెరికా వాళ్లు ట్రై చేయలేదనుకోకండి. 1988 నుంచి 1991 వరకు ఒక ఎఫ్-15కి గాలిని ఎటు కావాలంటే అటు మళ్లించే నాజిళ్లు పెట్టి ఎగరేశారు. అది 500 మీటర్ల దూరంలో ఆగి చూపించింది. తర్వాత ఎఫ్-22గా మారిన పోటీలో మొదట్లో రివర్సర్ కావాలనే షరతు ఉండేది. బరువు, ఖర్చు చూసి మధ్యలో ఎత్తేశారు. ఆ పోటీలో ఓడిపోయిన వైఎఫ్-23 ఫోటో చూస్తే, ఇంజిన్ల మీద రెండు పెద్ద మూపురాలు కనిపిస్తాయి. రివర్సర్ కోసం వదిలిన చోటు అది. షరతు పోయింది, మూపురాలు మిగిలిపోయాయి.

స్వీడన్ కూడా దీన్ని వదిలేసింది. విగ్గెన్ తర్వాత వచ్చిన గ్రిపెన్‌లో రివర్సర్ లేదు. విమానమే తేలిక. దిగాక ముక్కు దగ్గరున్న చిన్న రెక్కలు దాదాపు నిలువుగా వాలి గాలికి అడ్డం పడతాయి, పైగా విమానాన్ని నేలకి అదిమి చక్రాలకి పట్టు పెంచుతాయి. ఎలాగూ ఎగరడానికి కావాల్సిన రెక్కనే బ్రేక్‌గా వాడుకున్నారు, అదనపు బరువు లేకుండా. రోడ్డు మీద దిగడం మాత్రం మానలేదు. నన్నడిగితే ఇది రివర్సర్ కంటే తెలివైన సొల్యూషన్.

మన దగ్గర ఎక్కడ చూడొచ్చు?

ఫైటర్లలో కాదు, బరువులు మోసేవాటిలో. మన ఎయిర్‌ఫోర్స్‌లో పాత ఐఎల్-76 గజరాజ్‌కి నాలుగు ఇంజిన్లకీ రివర్సర్లున్నాయి. నేవీ పీ-8ఐ అయితే బోయింగ్ 737 నుంచి వచ్చింది కాబట్టి నా వీడియోలో కనిపించిన లాంటి ఏర్పాటే.

అసలు హీరో సీ-17 గ్లోబ్‌మాస్టర్. మన దగ్గర 11 ఉన్నాయి, ఢిల్లీ దగ్గర హిండన్‌లో ఉంటాయి. 77 టన్నుల సరుకు మోయగల ఈ ఏనుగు 1,060 మీటర్ల చిన్న రన్‌వే మీద దిగగలదు. దీని రివర్సర్లు గాలిని ముందుకీ, పైకీ చిమ్ముతాయి. కిందకి కొడితే మట్టి రన్‌వే మీది దుమ్మంతా లేచి ఇంజిన్‌లోకి పోతుంది, దించుతున్న మనుషుల కళ్లలోనూ పడుతుంది. పైకి కొట్టడం వల్ల ఇంజిన్లు నడుస్తుండగానే వెనక తలుపులోంచి సరుకు దించుకోవచ్చు. నిండా లోడ్ ఉన్నా కొంచెం ఎత్తుగా ఉన్న నేల మీద వెనక్కి ఎక్కగలదు. 27 మీటర్ల వెడల్పు రన్‌వే మీద ముందుకీ వెనక్కీ నడుస్తూ మూడు మలుపుల్లో తిరిగిపోతుంది. పైగా దీని రివర్సర్లని గాల్లో కూడా వాడొచ్చు, శత్రువు కాల్పులకి దొరక్కుండా ఎత్తు నుంచి నిటారుగా కిందికి దిగడానికి. రామ్‌స్టైన్‌లో ప్రాణాలు తీసిన పనినే ఇక్కడ నాలుగు ఇంజిన్లూ సమానంగా, కంట్రోల్‌లో ఉండేలా డిజైన్ చేసి వాడుకుంటున్నారన్నమాట.

2016 నవంబర్‌లో ఎయిర్‌ఫోర్స్ ఒక సీ-17ని అరుణాచల్ ప్రదేశ్‌లోని మెచుకాలో దించింది. చుట్టూ కొండలు, 6,200 అడుగుల ఎత్తు, రన్‌వే 4,200 అడుగులే. రివర్సర్ బరువు ఎందుకు మోయాలి అని అడిగితే ఆ రన్‌వే చూపిస్తే చాలు.

ఇక మన హైవే సంగతి. కొరిశపాడు దగ్గర 16వ నంబర్ జాతీయ రహదారి మీద 4.1 కిలోమీటర్ల పొడవు, 33 మీటర్ల వెడల్పుతో అత్యవసర రన్‌వే ఉంది. 2024 మార్చి 18న అక్కడ ఏఎన్-32, డోర్నియర్ రవాణా విమానాలు దిగి మళ్లీ ఎగిరాయి. సుఖోయ్-30లు, హాక్‌లు మాత్రం రోడ్డు మీదకి బాగా కిందికి వచ్చి, ఆగకుండా పైకి లేచిపోయాయి. స్వీడన్ వాళ్ల లెక్క 500 మీటర్లయితే మన రోడ్డు దానికి ఎనిమిది రెట్లు, అక్కడ మంచు కూడా పడదు. అంత రోడ్డు ఉన్నప్పుడు పారాచూట్ చాలు. మా తమ్ముడికి ఈ జవాబు చెప్తే, "మరి వాన పడితే?" అన్నాడు. వాడికి ఇంకో కాలిక్యులేటర్ లెక్క బాకీ ఉన్నాను.